సరాసరి లెక్క: సూత్రం వచ్చినా జవాబు ఎందుకు తప్పుతోంది?

క్లుప్తంగా: పోటీ పరీక్షల్లో సరాసరి లెక్కలు తప్పుతున్నది సూత్రం రాక కాదు. ఇచ్చిన సగటు ఎంతమందిది, ఎంత దూరానిది, ఎంత కాలానిది అన్నది చూడకుండా సంఖ్యలను కలిపేయడం వల్ల. సగటును మొత్తంగా మార్చి ఆలోచించడం, ఎక్కువ తక్కువలను మిట్టపల్లాల్లా సరిచూడడం అనే రెండు పద్ధతులతో ఈ పాఠంలోని దాదాపు అన్ని రకాల ప్రశ్నలూ తేలిపోతాయి. తెలుగు ప్రశ్నపత్రం చదివేటప్పుడు ఎదురయ్యే మాటల చిక్కులు కూడా కొన్ని ఉన్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో పల్లెల అక్షరాస్యత దాదాపు 57 శాతం, పట్టణాలది 81 శాతం. రెండూ కూడి రెండుతో భాగిస్తే 69 వస్తుంది. కానీ రాష్ట్రం మొత్తానికి అక్షరాస్యత 66.5 శాతమే. అవే లెక్కల్లో పురుషుల అక్షరాస్యత సుమారు 75 శాతం, స్త్రీలది 58. వీటినీ కూడి రెండుతో భాగిస్తే 66.5. రాష్ట్ర సంఖ్యతో సరిగ్గా సరిపోయింది. చేసిన పని రెండుచోట్లా ఒకటే. ఒకచోట కుదిరింది, ఇంకోచోట రెండున్నర శాతం తేడా కొట్టింది.

కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. స్త్రీ పురుషుల సంఖ్య దాదాపు సమానం. పల్లెల్లో ఉండేవాళ్లు మాత్రం అప్పటికి నూటికి 61 మంది, పట్టణాల్లో 39 మంది. జనం ఎటు ఎక్కువ ఉంటే సగటు అటు జరుగుతుంది. అందుకే రాష్ట్ర సగటు నడిమధ్యన నిలవకుండా పల్లె వైపు ఒరిగింది. పోటీ పరీక్షల్లో సరాసరి ప్రశ్నలకు పడే తప్పు జవాబుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే: సగటు కనబడుతుంది, దాని వెనక ఎంతమంది ఉన్నారో కనబడదు.

పరీక్షలో దీని వాటా

హనుమకొండలో నయీంనగర్, కిషన్‌పుర వీధుల్లోని స్టడీ హాళ్లలో కూర్చునే అభ్యర్థులు ఒకేసారి మూడు నాలుగు పరీక్షలకు చదువుతుంటారు. పోలీసు కానిస్టేబుల్, ఎస్సై పరీక్షల సిలబస్‌లో అంకగణితం కింద సంఖ్యా వ్యవస్థ, వడ్డీలు, నిష్పత్తి, శాతాలు, లాభనష్టాలు, కాలం-పని, కాలం-దూరంతో పాటు సరాసరి పేరు విడిగానే ఉంటుంది. కాజీపేట చుట్టుపక్కల ఎక్కువమంది రాసే రైల్వే ఎన్టీపీసీ (సాంకేతికేతర ఉద్యోగాల) మొదటి దశ పరీక్షలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, అందులో గణితం 30. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ (డిగ్రీ స్థాయి ఉద్యోగాల పరీక్ష) మొదటి దశలో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు 36 సెకన్లు. ప్రశ్నకు రెండు మార్కులు, తప్పైతే అర మార్కు కోత.

సరాసరి పేరుతో నేరుగా వచ్చే ప్రశ్నలు ఒకటో రెండో ఉంటాయి. అయితే సగటు వేగం కాలం-దూరంలోకి పోతుంది, మిశ్రమాలు నిష్పత్తిలోకి పోతాయి, పట్టికలు ఇచ్చి అడిగే ప్రశ్నల్లో సగటు లేని పట్టిక అరుదు. ఈ ఒక్క పాఠం గట్టిపడితే నాలుగు పాఠాల్లో అక్కరకు వస్తుంది.

36 సెకన్లలో ఎవరైనా చేసేది ఒక్కటే. కళ్లకు కనబడ్డ సంఖ్యలను వెంటనే కూడి భాగించడం. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. తొందరలో వచ్చే ఆ తప్పు సంఖ్యను నాలుగు ఆప్షన్లలో ఒకటిగా పెడతారు. తన జవాబు ఆప్షన్లలో కనబడేసరికి అభ్యర్థికి అనుమానం రాదు. గుర్తు పెట్టేసి ముందుకు పోతాడు. బయటికి వచ్చి కీ చూసుకున్నప్పుడు గాని తప్పు తెలియదు.

పొలం చదును చేసినట్టు

నాట్లకు ముందు దమ్ము చేసిన మడిని చదును చేయడం చూసినవాళ్లకు సగటు గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువ. మిట్టగా ఉన్నచోట మట్టి పల్లంలోకి జరుగుతుంది. బయటి నుంచి మట్టి తేరు, ఉన్నది పారబోయరు. చివరికి మడి అంతా ఒకే మట్టానికి వస్తుంది. ఆ మట్టమే సగటు. ఇందులో రెండు విషయాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి, మొత్తం మట్టి మారలేదు. రెండు, మిట్టల్లో ఎంత ఎక్కువ ఉందో పల్లాల్లో సరిగ్గా అంతే తక్కువ ఉంది.

మొదటి విషయం నుంచి వచ్చేది అందరికీ తెలిసిన సూత్రం: మొత్తం = సగటు × సంఖ్య. 40 మంది పిల్లల సగటు వయసు 12 అని ప్రశ్నలో ఉంటే రఫ్ కాగితం మీద పడాల్సింది 12 కాదు, 480. సగటును సగటుగా ఉంచితే దానితో ఏ పనీ చేయలేం. రెండు సగటులను కూడడానికి, తీసేయడానికి సాధారణంగా వీలుండదు. మొత్తాలను మాత్రం ఎన్నైనా కూడవచ్చు, తీసేయవచ్చు.

రెండో విషయం వేగాన్ని ఇస్తుంది. 47, 52, 49, 55, 42 మార్కుల సగటు కావాలి. అన్నీ కూడే బదులు మట్టం 50 అనుకుంటే చాలు. తేడాలు వరుసగా −3, +2, −1, +5, −8. కూడితే −5. ఐదుగురికి పంచితే తలా −1. సగటు 49. పదో తరగతి సాంఖ్యకశాస్త్రంలో 'విచలన పద్ధతి' పేరుతో పట్టికలు గీసి నేర్పేది ఇదే. విచిత్రం ఏమిటంటే, అక్కడ పట్టిక నింపి మార్కులు తెచ్చుకున్న విద్యార్థులే పోటీ పరీక్షకు వచ్చేసరికి ఆ పద్ధతిని పక్కన పెట్టేస్తారు. పట్టిక లేనిచోట కూడా అది పనిచేస్తుందని ఎవరూ చెప్పకపోవడమే దీనికి కారణం కావచ్చు.

సగటు ఈ దేశపు గణితానికి కొత్త కాదు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో ఒక గుంత లెక్క ఉంది. గుంత పక్కలు సమంగా లేవు. పొడవు మూడుచోట్ల కొలిస్తే 10, 11, 12 మూరలు. వెడల్పు 5, 6, 7. లోతు 2, 3, 4. ఒక్కో కొలతకు సగటు తీస్తే 11, 6, 3. ఘనపరిమాణం 198 ఘన మూరలు. ఊరి చెరువులో పూడిక ఎంత తీశారో అంచనా వేయాలన్నా దారి ఇదే. నాలుగైదు చోట్ల లోతు చూసి, సగటు తీసి, వైశాల్యంతో గుణించడం.

ఒకరు చేరితే, ఒకరు పోతే

పరీక్షల్లో తరచుగా కనబడే రకం ఇది. మార్కెట్‌లో పనిచేసే 12 మంది హమాలీల బృందంలో 54 ఏళ్ల మనిషి పని మానుకున్నాడు. అతని స్థానంలో కొత్త మనిషి చేరగానే బృందం సగటు వయసు 2 ఏళ్లు తగ్గింది. కొత్త మనిషి వయసు ఎంత? బృందం సగటు వయసు ప్రశ్నలో ఇవ్వలేదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి దానితో పని లేదు. ఒక్కొక్కరికి 2 చొప్పున 12 మందికి మొత్తం 24 ఏళ్లు తగ్గాయి. ఆ తగ్గుదల అంతా ఒక్క మనిషి మార్పు వల్లే వచ్చింది. 54 − 24 = 30.

మనిషి మారకుండా అదనంగా చేరితే చిన్న తేడా వస్తుంది. 40 మంది పిల్లల సగటు వయసు 12. టీచర్‌ను కలిపితే సగటు 13 అయింది. ఇక్కడ టీచర్ రెండు పనులు చేయాలి. తాను కొత్త మట్టానికి, అంటే 13కు చేరాలి. ఆపైన 40 మంది పిల్లలకు తలా ఒక ఏడాది ఇవ్వాలి. 13 + 40 = 53. ఇందులో 12 + 40 = 52 అని రాసేవాళ్లు ఉంటారు. టీచర్‌కు తన వాటా ఇవ్వడం మరిచిపోయిన జవాబు అది. 52 కూడా ఆప్షన్లలో ఉంటుంది.

కుటుంబం వయసుల ప్రశ్నకు ఇంకో మెలిక ఉంది. నాలుగేళ్ల కిందట ఆరుగురి కుటుంబం సగటు వయసు 25. తర్వాత ఒక బిడ్డ పుట్టింది. ఇప్పుడు ఏడుగురి సగటు కూడా 25. బిడ్డ వయసు ఎంత? నాలుగేళ్లలో ఆరుగురూ తలా నాలుగేళ్లు పెరిగారు. 25 మట్టం మీద 24 ఏళ్ల మిట్ట పేరుకుంది. దాన్నంతా పూడ్చుకునే పల్లం బిడ్డదే కావాలి. 25 − 24 = 1. మొత్తాలతో చేసినా అంతే వస్తుంది: అప్పటి 150కి 24 కలిపితే 174, ఇప్పటి మొత్తం 175.

తప్పు రాసిన మార్కుల ప్రశ్న వీటన్నింటి కంటే తేలిక. 36 మంది తరగతిలో ఒకరి మార్కులు 68 బదులు 86గా నమోదయ్యాయి. మొత్తంలో 18 ఎక్కువైంది. 36 మందికి పంచితే సగటు 0.5 ఎక్కువ చూపిస్తోంది. అంకెలు తారుమారైన ఇలాంటి తప్పుల్లో తేడా ఎప్పుడూ 9 గుణిజమే అవుతుంది. చేసిన తీసివేత సరైనదేనా అని చూసుకోవడానికి అది పనికొస్తుంది.

రెండుసార్లు లెక్కలోకి వచ్చే రోజు గురించి కూడా ఒక మాట. రామగుండంలో వేసవిలో 11 రోజుల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు అనుకుందాం. మొదటి ఆరు రోజుల సగటు 40.5, చివరి ఆరు రోజుల సగటు 42. ఆరో రోజు ఎంత? ఆరు, ఆరు కలిపితే 12 రోజులు అవుతున్నాయి గాని ఉన్నవి 11. ఆరో రోజు రెండు గుంపుల్లోనూ ఉంది. మొదటి గుంపు 41 కంటే మొత్తం 3 తక్కువ, రెండోది 6 ఎక్కువ. నికరంగా 3 ఎక్కువ. ఆ మిగులు రెండుసార్లు లెక్కించిన రోజుదే. 41 + 3 = 44 డిగ్రీలు. మొత్తాలతో సరిచూస్తే 243 + 252 − 451 = 44.

తక్‌పట్టీ చెప్పే సగటు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఒక రైతు 10 క్వింటాళ్ల మిర్చి తెచ్చాడనుకుందాం. అందులో 7 క్వింటాళ్ల మంచి కాయకు క్వింటాల్‌కు రూ.14,000 పలికింది. 3 క్వింటాళ్ల తాలుకు, అంటే నాసిరకం కాయకు, రూ.6,000 పలికింది. సగటున క్వింటాల్‌కు ఎంత పడింది? కూడి సగం చేస్తే రూ.10,000. అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ, అంటే తక్‌పట్టీలో మాత్రం 98,000, 18,000 కలిపి రూ.1,16,000 ఉంటుంది. క్వింటాల్‌కు రూ.11,600. ఏ రైతూ ఇక్కడ పొరపడడు. రెండు ధరలను కూడి సగం చేయాలని ఆయనకు తోచదు కూడా. కాంటా ఎంతయింది, చేతికి ఎన్ని పైసలు వచ్చాయి అన్నదే చూస్తాడు. అదే రైతు ఇంట్లో కొడుకో కూతురో పరీక్ష హాల్లో 10,000 గుర్తు పెట్టి వస్తే, వాళ్లకు లెక్క రాదనడం సరికాదు. కాగితం మీద రెండు ధరలు పక్కపక్కన కనబడ్డాయి, బస్తాలు కనబడలేదు.

ఈ రకానికి పరీక్షల్లో తిరగేసిన రూపం కూడా ఉంటుంది. సగటులు ఇచ్చి నిష్పత్తి అడుగుతారు. మొదట చెప్పుకున్న అక్షరాస్యత అంకెలతోనే చూడవచ్చు. పల్లె 57, పట్టణం 81, మొత్తం 66.5. పల్లె సగటు రాష్ట్ర మట్టానికి 9.5 పల్లం. పట్టణం సగటు 14.5 మిట్ట. మిట్ట, పల్లం సరిపోవాలంటే ప్రతి 9.5 భాగాల పట్టణానికి 14.5 భాగాల పల్లె ఉండాలి. పల్లె వాటా 24లో 14.5, అంటే నూటికి 60 చిల్లర. జనాభా లెక్కల అసలు సంఖ్య 61కి ఇది చాలా దగ్గర. జనాభా ఎంతో చెప్పకుండానే మూడు సగటులు జనాభా పంపకాన్ని చెప్పేశాయి. కోచింగ్‌లో 'ఆలిగేషన్' పేరుతో గుణకారం గుర్తులాంటి బొమ్మ గీసి నేర్పేది ఈ సంగతినే. బొమ్మ గుర్తుండి సంగతి గుర్తులేకపోతే నిష్పత్తి తలకిందులుగా రాసే ప్రమాదం ఉంది. మొత్తం సగటుకు ఎవరు దగ్గరగా ఉన్నారో వాళ్లే ఎక్కువమంది అన్నది గుర్తుంటే ఆ ప్రమాదం ఉండదు.

ఇదే తర్కంతో పెన్ను కదపకుండానే కొన్ని ఆప్షన్లు కొట్టేయవచ్చు. రెండు గుంపుల ఉమ్మడి సగటు ఎప్పుడూ ఆ రెండు సగటుల మధ్యనే ఉంటుంది. పెద్ద గుంపు వైపే ఒరుగుతుంది. 57, 81 మధ్య ఉండి 69 కంటే తక్కువ ఉన్న ఆప్షన్ ఒక్కటే ఉంటే లెక్క చేయాల్సిన పని లేదు.

60, 40 కలిస్తే 48

హనుమకొండ నుంచి కరీంనగర్‌కు రోడ్డు మీద దాదాపు 70 కిలోమీటర్లు. లెక్క సులువు కోసం 72 అనుకుందాం. కారు వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, వచ్చేటప్పుడు 40 కిలోమీటర్ల వేగంతో నడిచింది. సగటు వేగం ఎంత? 50 అనే జవాబు నోటికి వచ్చేస్తుంది. పోను గంటా 12 నిమిషాలు, రాను గంటా 48 నిమిషాలు. మొత్తం 3 గంటల్లో 144 కిలోమీటర్లు. గంటకు 48. నెమ్మదిగా నడిచిన వేగం దగ్గర బండి ఎక్కువసేపు ఉంది కాబట్టి సగటు అటు జరిగింది. పల్లెల్లో జనం ఎక్కువ ఉండడం, 40 వేగంలో నిమిషాలు ఎక్కువ ఉండడం ఒకే సంగతి.

ఇక్కడ 72 కిలోమీటర్లు ఉన్నా 720 ఉన్నా జవాబు మారదు. దూరం ఇవ్వలేదు కాబట్టి లెక్క చేయలేమని వదిలేసేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. రెండు వేగాలతోనూ భాగమయ్యే సంఖ్య ఒకటి దూరంగా అనుకుంటే సరిపోతుంది. 60, 40లకు 120 తేలిక.

120తో ఇంకో రెండు ప్రశ్నలు కూడా తేలిపోతాయి. ఒక రోజు కిలో రూ.60 చొప్పున, ఇంకో రోజు రూ.40 చొప్పున టమాటా కొన్నారు. రోజూ ఒక్కో కిలో కొంటే సగటు ధర రూ.50. రోజూ రూ.120 పెట్టి కొంటే మొదటి రోజు 2 కిలోలు, రెండో రోజు 3 కిలోలు. రూ.240కి 5 కిలోలు, అంటే కిలో రూ.48. బైక్ ఒక 120 కిలోమీటర్లు లీటరుకు 60 చొప్పున, మరో 120 కిలోమీటర్లు లీటరుకు 40 చొప్పున ఇస్తే, 5 లీటర్లకు 240 కిలోమీటర్లు. మళ్లీ 48. కారు, కూరగాయలు, పెట్రోలు పైకి వేరువేరు ప్రశ్నల్లా కనబడతాయి. అడుగున ఉన్నది ఒకే లెక్క.

వేగం ప్రశ్నలో చూడాల్సిన మాట ఒకటుంది. 'సగం దూరం' అన్నారా, 'సగం సమయం' అన్నారా? ప్రయాణ సమయంలో సగం 60తో, మిగతా సగం 40తో అంటే సగటు వేగం 50 అవుతుంది, 48 కాదు. ఒక్క మాట మారితే జవాబు మారింది. రెండు వేగాలు x, y అయితే సగటు 2xy/(x+y) అనే సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్లు రెండో ప్రశ్నకు కూడా 48 రాస్తారు.

తెలుగు ప్రశ్నపత్రంలో మాటల చిక్కు

రైల్వే పరీక్షలు ఎప్పటి నుంచో తెలుగులో రాసే వీలుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ కూడా ఎంటీఎస్, సీహెచ్ఎస్ఎల్, కానిస్టేబుల్ జీడీ వంటి పరీక్షలను తెలుగుతో కలిపి 13 ప్రాంతీయ భాషల్లో నిర్వహించడం మొదలుపెట్టింది. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఇది నిజంగా మేలు. అయితే ప్రశ్న ఇంగ్లిష్‌లో పుట్టి తెలుగులోకి వస్తుంది. రెండింటి మధ్య తేడా ఉంటే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుందని రైల్వే నోటిఫికేషన్లలోనే ఉంటుంది. అనుమానం వచ్చిన ప్రశ్నను ఇంగ్లిష్‌లో కూడా ఒకసారి చూసుకోవడం అందుకే మంచిది.

'సరాసరి' అన్న మాటతోనే మొదలుపెడితే, మామూలు వాడుకలో దానికి 'నేరుగా' అనే అర్థం కూడా ఉంది. సరాసరి ఇంటికి వచ్చాడు అంటాం. పాఠ్యపుస్తకంలో 'సగటు', 'అంకమధ్యమం' అని చదివి వచ్చిన పిల్లలకు ప్రశ్నపత్రంలో 'సరాసరి' ఎదురైతే అదేదో వేరే అంశం అనిపించడం సహజం. మూడూ ఒకటే.

అసలు చిక్కు వాక్యనిర్మాణంలో ఉంది. పరీక్షలో ఉండే తీరులో ఒక ప్రశ్న: 'ఒక తరగతిలోని 35 మంది విద్యార్థుల సరాసరి బరువు 45 కి.గ్రా. ఉపాధ్యాయుని బరువు కలిపిన సరాసరి 500 గ్రా. పెరిగినచో ఉపాధ్యాయుని బరువు ఎంత?' 'కలిపిన' అంటే కలిపితే అని అర్థం. తొందరలో చదివితే కలిపేసిన సరాసరే 500 గ్రాములు అన్నట్టు తోస్తుంది. రోజూ మాట్లాడే తెలుగులో 'కలిపితే సరాసరి అర కిలో పెరిగింది' అని ఉంటే ఎవరూ తడబడరు. జవాబు 45.5 + 35 × 0.5 = 63 కిలోలు. గ్రాములను కిలోలుగా మార్చడం మరిచిపోవడం ఇందులో ఇంకో గుంట.

'సగటు కంటే ఎక్కువ' అన్నచోట ఎవరి సగటు అన్నది తేల్చుకోవాలి. మేడారం జాతరకు ఐదుగురు కలిసి బండి మాట్లాడుకున్నారు. నలుగురు రూ.300 చొప్పున ఇచ్చారు. ఐదో మనిషి ఐదుగురి సగటు కంటే రూ.40 ఎక్కువ ఇచ్చాడు. అతను ఎంత ఇచ్చాడు? నలుగురి సగటు మీద 40 వేసి 340 అంటే తప్పు. ఐదుగురి సగటులో అతని డబ్బు కూడా ఉంది. అతను మట్టం మీద 40 మిట్ట. ఆ 40ని మిగతా నలుగురు పంచుకోవాలి కాబట్టి ఒక్కొక్కరూ మట్టానికి 10 పల్లం. వాళ్లిచ్చింది 300, మట్టం 310, అతనిచ్చింది 350. మొత్తం 1,550, ఐదుతో భాగిస్తే 310 వస్తుంది.

తెలుగులో ఈ లెక్కలకు అండగా నిలిచే మాటలూ ఉన్నాయి. తలా, చొప్పున, ఒక్కొక్కరికి. ఇవి కనబడిన చోట ఇచ్చింది సగటే, గుణించి మొత్తం చేయాలని అర్థం. 'నలుగురు 300 ఇచ్చారు', 'నలుగురు 300 చొప్పున ఇచ్చారు' అనే వాక్యాల మధ్య తేడా 900 రూపాయలు. తలసరి ఆదాయం అన్న మాటలో ఉన్నదీ ఈ 'తలా' సంగతే.

షార్ట్‌కట్ ఎంతవరకు నిలుస్తుంది

కోచింగ్‌లో ఒక్కో రకానికి ఒక్కో సూత్రం ఇస్తారు. సమయం తక్కువ ఉన్న పరీక్షకు అది అవసరమే, దాన్ని తప్పుపట్టలేం. కానీ సూత్రం ఒక షరతు మీద నిలబడి ఉంటుంది. ఆ షరతు మార్చడం ప్రశ్న తయారుచేసేవాళ్లకు చిటికెలో పని. హమాలీల ప్రశ్ననే కొంచెం మార్చి చూడవచ్చు. 12 మంది సగటు వయసు 40. 54, 50 ఏళ్ల ఇద్దరు మానేశారు, ఒక్కరే కొత్తగా చేరారు. 11 మంది సగటు 38 అయింది. 'పాతవాడి వయసు నుంచి సంఖ్య × మార్పు తీసేయాలి' అన్న సూత్రం ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే మనుషుల సంఖ్యే మారిపోయింది. మొత్తాలతో పోతే 480లో 104 పోగా 376. ఇప్పుడు ఉండాల్సింది 11 × 38 = 418. కొత్త మనిషి వయసు 42. పదిహేను సెకన్లు ఎక్కువ పట్టవచ్చు, దారి మాత్రం తప్పదు.

ఇలాంటి మార్పులతో ప్రశ్నలు వచ్చే కొద్దీ సూత్రాల చిట్టా పొడవు పెంచుకున్నవాళ్లకే కష్టం ఎక్కువ. ఊళ్లో సర్కారు బడిలో చదివి, ఖర్చు పెట్టి కోచింగ్‌లో చేరలేక లైబ్రరీలోనే కూర్చుని సిద్ధమయ్యే అభ్యర్థికి ఇందులో ఒక ఊరట ఉంది. ఈ పాఠానికి రహస్య సూత్రాలేవీ లేవు. ఏడో తరగతి దత్తాంశ నిర్వహణ, పదో తరగతి విచలన పద్ధతి కలిస్తే చాలు. పాత ప్రశ్నపత్రాల నుంచి ఓ యాభై ప్రశ్నలు తీసుకుని, జవాబు వెతకకుండా ప్రతి ప్రశ్నలో 'ఎవరి సగటు, ఎంతమందిది, మొత్తం ఎంత' అని మాత్రమే రాసుకుంటూ పోవడం మంచి సాధన. ఆ మూడు కుదిరితే మిగిలేది కూడిక, తీసివేత.

సున్నా కూడా లెక్కే

క్రికెట్ సగటుల ప్రశ్నలు ఈ పాఠంలో తప్పకుండా ఉంటాయి. ఒక బ్యాటర్ 20వ ఇన్నింగ్స్‌లో 98 పరుగులు చేయడంతో సగటు 3 పెరిగింది. కొత్త సగటు ఎంత? పాత 19 ఇన్నింగ్స్‌కు తలా 3 ఇచ్చాక 98లో మిగిలింది 41. అదే కొత్త సగటు. పరీక్షలో ఇలాంటిచోట ప్రతి ఇన్నింగ్స్‌లోనూ అవుటైనట్టే లెక్క.

నిజమైన క్రికెట్ రికార్డుల్లో భాగించేది ఇన్నింగ్స్ సంఖ్యతో కాదు, ఎన్నిసార్లు అవుటయ్యారో ఆ సంఖ్యతో. ఆస్ట్రేలియా బ్యాటర్ డాన్ బ్రాడ్‌మన్ టెస్టుల్లో 80 ఇన్నింగ్స్‌లో 6,996 పరుగులు చేశాడు. 10 సార్లు నాటౌట్. 70తో భాగిస్తే వచ్చేది ప్రసిద్ధమైన 99.94. పరీక్ష పద్ధతిలో 80తో భాగిస్తే 87.45. రెండు లెక్కలూ సరైనవే, భాగించిన సంఖ్య వేరు.

బ్రాడ్‌మన్ చివరి ఇన్నింగ్స్‌లో ఇంకో సంగతి కనబడుతుంది. 1948 ఆగస్టు 14న ఓవల్ మైదానంలో ఆయన బ్యాటింగ్‌కు దిగేటప్పటికి ఆ 6,996 పరుగులూ అయిపోయి ఉన్నాయి. అవుటైంది 69 సార్లు. సగటు 101.39. ఆ రోజు సున్నాకే అవుటయ్యాడు. పరుగుల మొత్తం మారలేదు, కింద ఉన్న 69 మాత్రం 70 అయింది. ఐదు రోజుల వర్షపాతం ఇచ్చి అందులో ఒక రోజు చుక్క పడలేదని చెప్పే ప్రశ్నలో నాలుగుతో భాగించేవాళ్లు వదిలేసేది ఆ సున్నానే. బ్రాడ్‌మన్ ఆ రోజు నాలుగు పరుగులు చేసి అవుటయి ఉంటే మొత్తం 7,000, సగటు సరిగ్గా 100 అయ్యేది.